జర్మన్‌లో ‘జేయెన్’ ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు? మన ‘చూడు’తో లెక్క కుదరట్లేదు

న్యూర్న్‌బెర్గ్_నీలిమ
జర్మన్ కోర్సులో ఏ2 స్థాయి అయిపోయింది, బీ1 నడుస్తోంది. జేయెన్ అంటే ‘చూడటం’ అని మొదట్లోనే చెప్పేశారు. ఇష్ జేయ, డూ జీస్ట్, ఎర్ జీట్, వీర్ జేయెన్, ఈర్ జేట్... నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ ఆఫీసులో రోజంతా వినపడే జేయెన్‌లలో సగం చోట్ల ‘చూడటం’ అన్న అర్థం పెడితే వాక్యం నిలబడట్లేదు. మీటింగ్‌లో ఒకాయన ‘దస్ జేయ ఇష్ అండర్స్’ అంటాడు. ఇంకొకావిడ ‘మాల్ జేయెన్’ అని లేచి వెళ్లిపోతుంది. నేను పంపిన ఫైల్ తెరిచి టీమ్ లీడ్ ‘జీట్ గూట్ ఔస్’ అంటాడు. మన ‘చూడు’ వచ్చే చోటల్లా జేయెన్ పెడితే మాత్రం అవతలివాళ్లు ఒక్క క్షణం ఆగి వేరే మాట అందిస్తున్నారు. నాకు టేబుల్ వద్దు, రోజూ మాట్లాడుకునే వాక్యాలు కావాలి. మన ‘చూడు’ ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ సరిపోదు?

హాంబుర్గ్_హరి
కంటికి కనపడితే జేయెన్. కావాలని అటు తిరిగి చూస్తే షౌయెన్. ‘ఇష్ షౌయ ఔస్ డేమ్ ఫెన్‌స్టర్ ఉంట్ జేయ ఐనెన్ హుంట్.’ కిటికీలోంచి చూస్తున్నాను, ఒక కుక్క కనపడింది. ఈ ఒక్క వాక్యం పట్టుకుంటే చాలు.

కోనసీమ_కుర్రోడు
@హాంబుర్గ్_హరి చాలదు బ్రో. సినిమా కావాలనే చూస్తాం కదా, మరి ‘ఇష్ హాబ డేన్ ఫిల్మ్ గెజేయెన్’ అని ఎందుకంటారు? టీవీ చూడటానికి క్రియే ఫెర్న్‌జేయెన్. దూరపు చూపు! అది పొరపాటున కంటికి కనపడేది కాదుగా.

హాంబుర్గ్_హరి
సినిమా, మ్యాచ్, సీరియల్‌కి రెండూ నడుస్తాయి. మా దగ్గర ఉత్తరాన షౌయెన్ కన్నా గుకెన్ ఎక్కువ. రాయడం ‘గ’తోనే, పలకడం మాత్రం ‘కుకెన్’. ‘కుక్ మాల్!’ అంటే ‘ఇటు చూడు!’. ఎవరైనా వేలు పెట్టి ఏదైనా చూపిస్తూ ‘జీ మాల్’ అనడం నేను విన్నది చాలా తక్కువ. ఆ సందర్భంలో నా మాటే కరెక్టు.

వియన్నా_వాసంతి
ఇక్కడ ఆస్ట్రియాలో ఎటు విన్నా షౌయెనే. వీడ్కోలుకి కూడా ‘ఔఫ్ వీడర్‌షౌయెన్’ అంటారు, కొట్లో బిల్లు కట్టి బయటికొస్తుంటే తప్పకుండా వినపడుతుంది. ‘మాల్ జేయెన్’ బదులు ‘షౌ మా మాల్’. బవేరియాలోనూ అంతే. ఫుట్‌బాల్ దిగ్గజం బెకెన్‌బవర్ పేరు చెప్పగానే జర్మన్లకి గుర్తొచ్చే మాట అదే. నీలిమ గారూ, మీరున్నది బవేరియా రాష్ట్రమే కాబట్టి మిమ్మల్ని షౌయెన్ అని సరిచేయడంలో ఊరి అలవాటు కూడా కొంత ఉంటుంది. మీరన్నది పూర్తిగా తప్పేమో అని దిగులు పడకండి.

న్యూర్న్‌బెర్గ్_నీలిమ
హమ్మయ్య. ఆ కోణం మాకు ఎవరూ చెప్పలేదు.

ఓరుగల్లు_నర్సు
హాస్పిటల్లో పనిచేసే మనవాళ్ల కోసం రాస్తున్నా. ఇక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 అడుగుతారు. కానీ బీ2 పుస్తకంలో కనపడని ఒక వాక్యం వార్డులో రోజూ వాడతాం: ‘ఇష్ జేయ ష్పేటర్ నొఖ్ మాల్ నాఖ్ ఈనెన్.’ కాసేపాగి మళ్లీ వచ్చి మిమ్మల్ని చూస్తాను అని. ‘నాఖ్’ పెట్టకుండా ఉత్త ‘ఇష్ జేయ జీ’ అంటే మీరు నాకు కనపడుతున్నారు అని మాత్రమే. ‘నాఖ్’ పెడితే ఎలా ఉన్నారో కనుక్కుంటాను, బాగోగులు చూస్తాను అనే భరోసా వస్తుంది. రాత్రి డ్యూటీలో ఒక పెద్దావిడ బెల్ కొట్టి, ‘నాకేం వద్దమ్మా, మధ్యలో ఒకసారి నాఖ్ మీర్ జేయెన్ చెయ్యి’ అన్నట్టుగా అడిగింది. ఆవిడకి కావలసింది మందు కాదు, ఎవరో ఒకరు తలుపు తీసి పలకరించడం. ఈ వాక్యం మొదటి వారంలోనే నేర్చుకోండి.

తలకి దెబ్బ తగిలి వచ్చినవాళ్లని ‘జేయెన్ జీ డొపెల్ట్?’ అని అడుగుతాం, రెండుగా కనపడుతోందా అని. మసకగా ఉంటే వాళ్లు ‘ఇష్ జేయ ఫెర్‌ష్వొమెన్’ అంటారు. ఇవి చెవిని పడగానే అర్థం కావాలి, అక్కడ డిక్షనరీ తీసే టైం ఉండదు.

వ్యాకరణం_మాస్టారు
నర్సు గారి ఆఖరి రెండు వాక్యాల్లో మనవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. తెలుగులో ‘నాకు కనపడట్లేదు’ అంటాం. చూసే మనిషి ‘నాకు’గా వస్తాడు. ఆ అలవాటుతో జర్మన్‌లో ‘మీర్’ (నాకు) అనే మాటతో మొదలుపెట్టి మధ్యలో ఇరుక్కుపోతారు. జర్మన్‌లో చూసేవాడే కర్త: ‘ఇష్ జేయ నిష్ట్స్.’ నాకేం కనపడట్లేదు. కనపడేది ద్వితీయలో ఉంటుంది, కాబట్టి ‘డేర్ మన్’ కాస్తా ‘ఇష్ జేయ డేన్ మన్’ అవుతుంది. తెలుగు నుంచి వెళ్లేటప్పుడు ‘కనపడు’, ‘చూడు’ రెండూ ఒకే క్రియలోకి వచ్చి చేరతాయి. మొదటి అడ్డంకి అదే.

ఆన్‌లైన్ మీటింగ్‌లో ‘నా స్క్రీన్ కనపడుతోందా?’ అనాలంటే ‘జేట్ ఈర్ మైనెన్ బిల్ట్‌షిర్మ్?’. అందరితో ‘డూ’ (నువ్వు) అనేంత చనువు లేకపోతే ‘జేయెన్ జీ మైనెన్ బిల్ట్‌షిర్మ్?’.

డోర్ట్‌మున్ట్_దీపు
మాస్టారు గారూ, కర్త, ద్వితీయ అంటే కొత్తవాళ్లు పారిపోతారు. మా కోచింగ్ సెంటర్లో అలాగే ఏడాది మొత్తం టేబుళ్లు బట్టీ పట్టించారు, నోరు మాత్రం తెరవలేదు ఎవరం. వాక్యం మొత్తంగా నేర్చుకోవాలి. ‘వీర్ జేయెన్ ఉన్స్’ అంటే మళ్లీ కలుద్దాం. అందులో ‘ఉన్స్’ ఏ విభక్తి అని అడిగితే ఏమొస్తుంది?

వ్యాకరణం_మాస్టారు
వాక్యం మొత్తంగా నేర్చుకోండి, కాదనను. కానీ రేపు ‘మనం’ బదులు ‘వాళ్లు’ అనాల్సొస్తే? ‘జీ జేయెన్ జిష్’ అని మార్చుకోగలగాలంటే లోపల ఏముందో తెలియాలి. పైగా ఈ క్రియ ఇబ్బంది పెట్టేది రెండే చోట్ల, డూ, ఎర్ దగ్గర ‘జే’ కాస్తా ‘జీ’ అవుతుంది. అదీ, జా, గెజేయెన్ అనే గతకాలపు రూపాలూ వస్తే టేబుల్ అయిపోయినట్టే. దానికి ఏడాది అక్కర్లేదు, చెప్పేవాళ్లు చెప్పాలి.

కోనసీమ_కుర్రోడు
‘జీ జీట్ జీ’. ఆవిడ ఆవిడని చూస్తోంది. ఈ ఒక్క వాక్యం మా అమ్మకి ఫోన్‌లో చెప్పా, జర్మనీలో కోళ్లని పిలుస్తున్నావా అంది 😄

ఇందూరు_ఇంజనీర్
నేను వేరే మాట చెప్తా. మన ‘చూడు’ జేయెన్‌తో కలవదని అందరూ మొదలుపెట్టారు, కానీ కలిసే చోట్ల భలే కలుస్తుంది. చూడండి:

‘మాల్ జేయెన్’ అచ్చంగా మన ‘చూద్దాం’. అవుననీ కాదు, కాదనీ కాదు. ‘మాల్ జేయెన్, ఒప్ ఎర్ కొమ్ట్’: వస్తాడో రాడో చూద్దాం.

‘జీస్ట్ డూ!’ అంటే ‘చూశావా, నేను చెప్పలా!’.

పని అయ్యేలా చూడు అంటాం కదా, దానికి త్సూజేయెన్. ‘ఇష్ జేయ త్సూ, దస్ ఇష్ ఉమ్ అఖ్ట్ దా బిన్.’ ఎనిమిదింటికల్లా అక్కడుండేలా చూస్తాను. ఇంతకన్నా దగ్గరి పోలిక ఏం కావాలి? ‘దస్’, ‘ఒప్’ తర్వాత క్రియ చివరికి పోతుంది, మనకి పుట్టినప్పటి నుంచీ క్రియ చివరే. ఇంగ్లిష్‌లోంచి తర్జుమా చేసుకోవడం మానేసి నేరుగా తెలుగులోంచి వెళ్తే ఇలాంటి వాక్యాలు గబుక్కున వస్తాయి.

డోర్ట్‌మున్ట్_దీపు
ఇదీ కావాల్సింది 👏

హాంబుర్గ్_హరి
@ఇందూరు_ఇంజనీర్ ఒక జాగ్రత్త. నా గురించి చెప్పేటప్పుడు ‘ఇష్ జేయ త్సూ’ బాగుంటుంది. ఎదుటివాళ్లతో ‘జీ త్సూ, దస్ డూ ఫెర్టిష్ విర్స్ట్’ అంటే గదమాయించినట్టు ఉంటుంది. త్వరగా తెముల్చు అని. కొలీగ్‌తో అనకండి.

లైప్‌త్సిగ్_లావణ్య
ఇంకోటి నేను కలుపుతా. ఎదురుచూడటం! ఎదురు = ఎంట్‌గేగెన్, చూడటం = జేయెన్. ఎంట్‌గేగెన్‌జేయెన్ అని క్రియే ఉంది. ‘ఈరర్ అంట్‌వోర్ట్ జేయ ఇష్ గెర్న్ ఎంట్‌గేగెన్.’ మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను. ఇది మొదటిసారి ఒక ఉత్తరం కింద చదివినప్పుడు అలా చూస్తూ ఉండిపోయా. ఎక్కడి జర్మన్, ఎక్కడి తెలుగు!

కోనసీమ_కుర్రోడు
ఒళ్లు జలదరించింది అక్కా.

వియన్నా_వాసంతి
అందంగా ఉంది గానీ ఉత్తరాలకే ఉంచుకోండి, అదీ బాగా లాంఛనంగా రాసేవాటికి. మామూలు మెయిల్‌కి ‘ఇష్ ఫ్రోయ మిష్ ఔఫ్ ఈర రుక్‌మెల్డుంగ్’. ఇక బస్టాప్‌లో బస్సు కోసం ఎదురుచూడటం ఉత్త వార్టెన్ మాత్రమే, అక్కడ ఏ జేయెనూ లేదు.

బెర్లిన్_బుజ్జి
అయితే కలవని చోట్లు కూడా ఒకరు రాయాలి కదా. నాకు తెలిసినవి:
రుచి చూడు: ప్రొబీరెన్. కూర కలుపుతూ ‘ప్రొబీర్ మాల్’ అంటే చాలు.
అడిగి చూడు, చేసి చూడు: ఇక్కడ మన ‘చూడు’ ప్రయత్నం. మళ్లీ ప్రొబీరెనో ఫెర్‌జూఖెనో.
ఉద్యోగం చూసుకుంటున్నా: జూఖెన్, వెతకడం.
డాక్టర్‌కి చూపించుకోవాలి: ‘ఇష్ ముస్ త్సుమ్ అర్ట్స్ట్’. అంతే, చూపూ లేదు గీపూ లేదు.
చూసి నడువు: ‘పస్ ఔఫ్!’
షాపులో ‘ఊరికే చూస్తున్నానండి’: ‘ఇష్ మ్యోష్ట మిష్ నూర్ ఉమ్‌జేయెన్’. ఇందులో మాత్రం జేయెన్ ఉంది, ముందు ఉమ్ తగిలించాలి. ‘ఇష్ షౌయ నూర్’ అన్నా సరిపోతుంది.
అద్దెకి ఇల్లు చూడ్డానికి వెళ్తే బెజిష్టిగెన్. బెర్లిన్‌లో ఇల్లు వెతికినవాళ్లకి ఈ మాట జన్మలో మర్చిపోవడం కుదరదు, మెట్ల మీద కింది వీధి దాకా క్యూ.

హాంబుర్గ్_హరి
పెళ్లిచూపులు వదిలేశావ్.

లైప్‌త్సిగ్_లావణ్య
దానికీ ఉంది! బ్రౌట్‌షౌ. బ్రౌట్ అంటే పెళ్లికూతురు. ‘ఔఫ్ బ్రౌట్‌షౌ గేయెన్’ అంటే పిల్లని వెతుక్కుంటూ బయల్దేరడం. పాతకాలపు మాట, ఇప్పుడు సరదాగా అంటారు. కాఫీ, టిఫిన్ గ్యారంటీ లేదు.

తెనాలి_తరుణ్
ఔస్‌జేయెన్ గురించి ఎవరైనా వివరంగా చెప్పండి. నీలిమ గారు రాసిన ‘జీట్ గూట్ ఔస్’ అదే కదా?

వ్యాకరణం_మాస్టారు
అదే. ఔస్‌జేయెన్ విడిపోయే క్రియ. జీట్ రెండో స్థానంలో, ఔస్ వాక్యం చివర. మనం ‘...లా ఉంది’, ‘...గా కనపడుతోంది’ అనే చోట వాడాలి.
‘డూ జీస్ట్ మ్యూడ ఔస్’: అలసిపోయినట్టు కనపడుతున్నావు.
‘ఎస్ జీట్ నాఖ్ రేగెన్ ఔస్’: వాన వచ్చేలా ఉంది.
‘జీ జీట్ ఔస్ వీ ఈర ముటర్’: అచ్చం వాళ్లమ్మలా ఉంది.
గతంలో, ‘ఎర్ జా మ్యూడ ఔస్’ లేదా ‘ఎర్ హాట్ మ్యూడ ఔస్‌గెజేయెన్’. ఆ ‘గె’ ఔస్‌కీ జేయెన్‌కీ నడుమ దూరిందని గమనించండి.
చివరి ఔస్ మర్చిపోతే అర్థమే మారిపోతుంది. ‘జీ జీట్ గూట్ ఔస్’ అంటే అందంగా ఉంది. ‘జీ జీట్ గూట్’ అంటే ఆవిడ కంటిచూపు బాగుంది.

ఓరుగల్లు_నర్సు
‘దస్ జీట్ డీర్ ఎన్‌లిష్’ కూడా చెప్పండి మాస్టారూ. మాట ప్రకారం ‘అది నీలాగే ఉంది’ అని, కానీ అనేది మాత్రం ‘నువ్వు కాకపోతే ఇంకెవరు చేస్తారు ఇలాంటి పని’ అన్న ధోరణిలో. మా వార్డులో ఒకావిడ తన డ్యూటీ కాకపోయినా పేషెంట్ పుట్టినరోజుకి కేకు చేసి తెచ్చింది. అందరూ అదే అన్నారు, ప్రేమగా. ఎక్కువసార్లు దెప్పడానికే వాడతారనుకోండి.

స్టుట్‌గార్ట్_శీను
ఇంతమంది ఇన్ని రాశారు, ఉచ్చారణ ఎవరూ ముట్టుకోలేదు. మధ్యలో ‘హ’ అక్షరం రాస్తారు గానీ పలకరు, దాని పని ముందున్న ‘జే’ని సాగదీయడం. ‘జేహెన్’ అని గట్టిగా పలికితే కొత్తవాడని తెలిసిపోతుంది. మొదటి అక్షరం మన ‘జ’ కాదు, తేనెటీగ ఝుమ్మన్నట్టు పళ్ల మధ్య నుంచి రావాలి. అసలు చిక్కు, మాట్లాడేటప్పుడు ‘జేయెన్’ కుదించుకుపోయి ‘జేన్’ అవుతుంది. పది అంకె ‘త్సేన్’. మనకి రెండూ ఒక్కలాగే వినపడతాయి. లిజనింగ్ పరీక్షలో ఇక్కడ మార్కులు పోతాయి. ‘వీర్ జేన్ త్సేన్ బొయ్మ’ అని రోజూ పైకి చదవండి, మనకి పది చెట్లు కనపడుతున్నాయి అని.

వియన్నా_వాసంతి
దక్షిణాదిన, ఆస్ట్రియాలో ఆ ఝంకారం ఉండదు. ‘సేయెన్’ అన్నట్టే పలుకుతారు. ‘జ’ రాక బాధపడేవాళ్లు మా వైపు వచ్చేయండి.

న్యూర్న్‌బెర్గ్_నీలిమ
అందరివీ నోట్స్ రాసుకుంటున్నా. ‘దస్ జేయ ఇష్ అండర్స్’ మిగిలిపోయింది. అది విన్న ప్రతిసారీ నాకు టెన్షన్. నా మాట కొట్టిపారేశారనే కదా?

ఇందూరు_ఇంజనీర్
కానే కాదు. ‘నా ఉద్దేశం వేరే’ అని మర్యాదగా చెప్పడం. ‘దస్ ఇస్ట్ ఫాల్ష్’ అంటే నీది తప్పు అని మొహం మీద చెప్పినట్టు. దానికి బదులుగా వాడేది ఇది. ఈ రకం జేయెన్‌లో కన్ను లేదు, అభిప్రాయం ఉంది. ‘వీ జీస్ట్ డూ దస్?’ అంటే నువ్వేమంటావు అని. నిజానికి మనకి ఇది చాలా అవసరం. మన దగ్గర పెద్దవాళ్లకి, పైవాళ్లకి ఎదురు చెప్పడం అలవాటు లేక మీటింగ్‌లో తల ఊపి, తర్వాత కారిడార్‌లో గొణుక్కుంటాం. ఇక్కడ మేనేజర్‌తో ‘దస్ జేయ ఇష్ ఎట్వస్ అండర్స్’ అని మామూలు గొంతుతో చెప్పొచ్చు. ‘ఎట్వస్’ అంటే కాస్త, అది ఇంకా మెత్తబరుస్తుంది. చెప్పినందుకు ఎవరూ మనసులో పెట్టుకోరు.

బెర్లిన్_బుజ్జి
ఎవరూ పెట్టుకోరని గ్యారంటీ ఇవ్వలేం, మేనేజర్ని బట్టి. కానీ వాక్యం మర్యాదైనదే, అది నిజం. పక్కనే ఉన్న ‘దస్ జేయ ఇష్ నిష్ట్ ఐన్’తో కలిపేసుకోకండి. అది ‘నేనెందుకు ఒప్పుకోవాలి’ అన్నంత పట్టుదల.

హాంబుర్గ్_హరి
ఉపసర్గలు మొదలైతే తెల్లారుతుంది 🙂 నాఖ్‌జేయెన్ అంటే వెళ్లి సరిచూసుకోవడం, యూబర్‌జేయెన్ అంటే చూడక వదిలేయడం. ఈ రెండూ ఆఫీసులో రోజూ వస్తాయి. మిగతావి ఎదురైనప్పుడు చూసుకోవచ్చు.

తెనాలి_తరుణ్
లైసెన్సుకి అప్లై చేశాను. మన దేశపు లైసెన్సు ఇక్కడ ఆరు నెలలే చెల్లుతుంది కదా, మళ్లీ థియరీ, ప్రాక్టికల్ రెండూ రాయాలి. ముందు జేటెస్ట్ కావాలన్నారు. అది కంటిపరీక్షేనా?

స్టుట్‌గార్ట్_శీను
అవును, కళ్లజోళ్ల షాపులోనే చేస్తారు. మెషీన్‌లోకి చూడమని, ఒక వైపు చీలిక ఉన్న రింగులు చూపించి సందు ఎటుందో చెప్పమంటారు. ‘ఓబెన్, ఉంటెన్, లింక్స్, రెష్ట్స్’ వస్తే చాలు. పైన, కింద, ఎడమ, కుడి. కనపడకపోతే ‘దస్ కన్ ఇష్ నిష్ట్ జేయెన్’ అనండి, ఊహించి చెప్పొద్దు. రోడ్డు మీద అది మీ ప్రాణానికే.

లైప్‌త్సిగ్_లావణ్య
టీవీలో జెడ్‌డీఎఫ్ చానెల్ వస్తే గమనించండి. పేరులోనే ఫెర్న్‌జేయెన్ ఉంది, ‘రెండో జర్మన్ టెలివిజన్’ అని పేరు. వాళ్ల నినాదం, ‘మిట్ డేమ్ త్స్వైటెన్ జీట్ మన్ బెసర్’. రెండోదానితో బాగా కనపడుతుంది. చానెల్ అనీ కన్ను అనీ రెండు విధాలా తీసుకోవచ్చు, ప్రకటనల్లో వేళ్లు రెండు కంటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. ‘జీట్ మన్’ అనే పద్ధతి గుర్తుండిపోవడానికి నాకు బాగా పనికొచ్చింది.

కోనసీమ_కుర్రోడు
‘దస్ హాబ ఇష్ కొమ్మెన్ జేయెన్’ అంటాడు మా రూమ్మేట్, ప్రతి దానికీ. గెజేయెన్ కదా రావాలి? వాడు జర్మనే, మరి తప్పెలా మాట్లాడతాడు?

వ్యాకరణం_మాస్టారు
తప్పు కాదు. జేయెన్‌కి ముందు ఇంకో క్రియ ఆనుకుని ఉంటే గెజేయెన్ బదులు జేయెన్ అలాగే ఉండిపోవడం మామూలు. ‘ఇష్ హాబ ఈన్ కొమ్మెన్ జేయెన్’: అతను రావడం చూశాను. మీ రూమ్మేట్ అనేది జాతీయం, ‘ఇలా అవుతుందని నాకు ముందే తెలుసు’. మన పెద్దవాళ్ల నోట్లో నానే మాటే.

న్యూర్న్‌బెర్గ్_నీలిమ
సరే, రేపు ఆఫీసులో వాడాలనుకున్నవి నాలుగు రాస్తున్నా. దిద్దండి.
1. మాల్ జేయెన్, ఒప్ డేర్ షెఫ్ హొయ్ట కొమ్ట్.
2. ఇష్ హాబ ఈర మైల్ యూబర్‌గెజేయెన్.
3. ఇష్ జేయ నాఖ్, ఒప్ డేర్ డ్రుకర్ పాపీర్ హాట్.
4. ఫ్రౌ కొలేగిన్, జీ జేయెన్ మ్యూడ ఔస్.

ఇందూరు_ఇంజనీర్
ఒకటి, మూడు బంగారం. మూడోదానిలో ‘నాఖ్’ కామా ముందే పెట్టారు, చాలామంది దాన్ని తీసుకెళ్లి ఆఖర్న పెడతారు.

వ్యాకరణం_మాస్టారు
రెండోదానిలో ‘గె’ తీసేయండి. యూబర్‌జేయెన్ విడిపోదు, అందుకే ఔస్‌గెజేయెన్‌లా నడుమ ‘గె’ రాదు. ‘ఇష్ హాబ ఈర మైల్ యూబర్‌జేయెన్.’ పలికేటప్పుడు ఒత్తు జేయెన్ మీద పడాలి.

ఓరుగల్లు_నర్సు
నాలుగోది వ్యాకరణపరంగా సరే, ‘ఫ్రౌ’ తర్వాత ఆవిడ ఇంటిపేరు పెట్టండి. మనకి ‘ఏంటి అలా చిక్కిపోయావ్’ అనడం ఆప్యాయత. ఇక్కడ పొద్దున్నే ఆ మాటంటే నొచ్చుకోవచ్చు. ‘గేట్ ఎస్ ఈనెన్ గూట్?’ అని అడగండి, బాగున్నారా అని. ఏదైనా ఉంటే ఆవిడే చెప్తుంది.